తుపాను సినిమాలో అన్నం తిన్న మనిషి

తార్నాక,
బుధవారం.

ప్రియమైన అక్కయ్యకి,

మీ రాజ్యం నమస్కారాలు. నువ్వూ, బావగారూ, చంటీ ఒంట్లో బాగున్నారనే నమ్మకంతో ఈ కాగితం ముందు పెట్టుకున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చంటికి పళ్ళొచ్చే జ్వరం తగ్గిందా? నా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని నువ్వు కంగారుపడే ఉంటావు. కాస్త జ్వరం తగిలింది, తగ్గింది. ఇప్పుడేమీ లేదు. ఇంటావిడ మార్తమ్మగారి గురించి ఇంతకుముందు రాశానుగా, మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవులు, ఆసుపత్రిలో నర్సు. ఆవిడే దగ్గరుండి మందులు మింగించారు. తల్లిలా చూశారు. కాబట్టి నిజంగానే బెంగ పెట్టుకోవద్దు.

ఇక్కడ చలి మొదలైంది. మనవైపు చలిలా కాదు, గాలిలో తడి ఉండదు. పెదవులు పగులుతాయి, చేతులు గరుకెక్కుతాయి. పొద్దున్నే యూనివర్సిటీకి నడిచి వెళుతుంటే దారి పక్క గుండ్రాళ్ళమీద చెయ్యి పెడితే మంచు ముట్టుకున్నట్టుంటుంది. ఆఫీసులో పని మామూలే. ఎవరెవరో రాసిన సిద్ధాంత గ్రంథాలు టైపు కొట్టడం, తప్పులు దిద్దడం, మళ్ళీ కొట్టడం. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కదాన్నే చెట్టు కింద కూర్చుంటాను. పిల్లలు గుంపులుగా నవ్వుకుంటూ పోతుంటారు. నన్నెవరూ పలకరించరు, నేనూ ఎవరినీ పలకరించను. ఇదంతా నీకు కొత్త కాదు. ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత రగ్గు పంపించు. గళ్ళది కాదు, ముదురు రంగుది.

ఇక నువ్వు రాసిన సంగతి. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. అమ్మ రానంటే బావగారు బలవంతాన ఆ తుపాను సినిమాకి తీసుకెళ్ళారని రాశావు. గాలివాన వెలిశాక శవాలను బండిమీద వేసుకుపోయే చోట ఆ శవాల్లో ఒక మనిషిని చూసి అమ్మ నీ చెయ్యి గట్టిగా పట్టుకుందనీ, కాసేపటికి తిండిలేనివాళ్ళకి అన్నాలు పెట్టే చోట అదే మనిషి బంతిలో కూర్చుని తింటూ కనిపించాడనీ రాశావు. హాలంతా నవ్విందట, అమ్మ మాత్రం తెరవంక చూస్తూ ఉండిపోయిందట. ఇంటికొచ్చి, “పోయారన్నవాళ్ళు పోలేదే. ఆ కూర్చునే తీరు ఇంకెవరికీ రాదు” అందట. తుపానులో పోయిన నాన్న కర్మకి ఇన్నేళ్ళకి ఎలాగో ఒప్పుకుని నెలాఖరుకి ముహూర్తం పెట్టించింది కదా, అది వద్దని శాస్త్రిగారికి కబురు చేసిందట. రాజ్యం హైదరాబాదులోనే ఉందిగా, ఆ సినిమా తీసింది అక్కడేగా, వెతకమని చెప్పమందట.

చదవగానే కోపం వచ్చింది అక్కయ్యా. అమ్మమీద కాదు, ఆ సినిమా తీసినవాళ్ళమీద. శవం వేషం వేసిన మనిషినే అన్నానికి కూర్చోబెట్టారు, ఆమాత్రం చూసుకోలేదు. వాళ్ళకది పొరపాటు. ఆ పొరపాటుకి మనింట్లో కర్మ ఆగిపోయింది. మూడు రోజులు అన్నం సహించలేదు. చివరికి మార్తమ్మగారే విసుక్కున్నారు.

“ఎన్ని దినాలు గిట్ల కూసుంటవ్? పోయి చూసొద్దాం పా. నేను గూడ వస్తా.”

శనివారం మ్యాట్నీకి సికిందరాబాదు వెళ్ళాం. నేనొక ఉద్దేశంతో వెళ్ళాను. అందులో ఎక్కడెక్కడ తప్పులున్నాయో అన్నీ పట్టి నీకు రాస్తే, ఇదంతా కల్ల అని అమ్మకి చదివి వినిపిస్తావని. తప్పులు పట్టడమే కదా నా పని. వెతకాల్సిన అవసరం కూడా లేకపోయింది. వాన కురుస్తుంటుంది, మనుషుల నీడలు నేలమీద నల్లగా పడుతుంటాయి. గాలికి ఇళ్ళ కప్పులు లేచిపోతుంటే కథానాయిక చేతిలో లాంతరు నిక్షేపంగా వెలుగుతుంటుంది. జడలో పువ్వు కూడా చెదరదు. వరదలో కొట్టుకుపోయిన ఆవు మరుసటి సీనులో పాకలో గడ్డి నములుతూ ఉంది. సముద్రం వచ్చి పడిన ఊరని చెబుతారు, వెనకాల చూస్తే గుండ్రాళ్ళ గుట్ట. మన ఒడ్డున గుట్ట ఎక్కడిదే? నేను రోజూ నడిచే దారే అది. యూనివర్సిటీ హాస్టళ్ళ వెనక మైదానం. తాటాకు పందిళ్ళు వేసి మన ఊరన్నారు.

ఇంకా పెద్ద తప్పులు ఎవరికీ కనిపించనివి. గాలి మొదటినుంచి చివరిదాకా ఒకే దిక్కునుంచి కొట్టింది. మనకి జరిగింది నీకు గుర్తుందిగా, ఉన్నట్టుండి అంతా ఆగిపోవడం, అయిపోయిందనుకుని జనం వాకిళ్ళలోకి రావడం, అప్పుడు రెండో వైపునుంచి గాలి రావడం. నీళ్ళు రాకముందు ఆ చప్పుడు రావడం. సినిమాలో నీళ్ళు తెల్లగా ఉన్నాయి. మనింట్లోకి వచ్చినవి నల్లటి బురద. సినిమాలో మర్నాడే బావిలో చేదతో తోడుకుని తాగారు. మన బావి వేసవి వెళ్ళేదాకా ఉప్పగా ఉండలేదూ? సరుగుడు చెట్లు నిప్పంటుకున్నట్టు ఎర్రగా మాడిపోలేదూ? వీళ్ళ తోటలు పచ్చగా ఊగుతున్నాయి. ఇవన్నీ మనసులో రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్కొక్క తప్పూ దొరికినకొద్దీ నాకు ధైర్యం వచ్చింది. ఇంత అబద్ధంలో నాన్న ఎలా ఉంటాడు అనుకున్నాను.

తర్వాత శవాల బండి వచ్చింది. మొహం సగమే కనిపించింది. నాకేమీ అనిపించలేదు. ఆ తర్వాత భోజనాల బంతి.

అక్కయ్యా, నేను నీకు అబద్ధం రాయను. ఆ మనిషి ఎడంచెయ్యి వెనక్కి నేలమీద ఆనించి, ఒక మోకాలు నిలబెట్టి, ఆకుమీదికి బాగా వంగి, అన్నం అంతా తనవైపు అంచుకి లాక్కుని తిన్నాడు. మొహం కిందికే ఉంది. ఉప్పు కొఠారునుంచి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నాన్న కూర్చునేది అలాగే. సరిగ్గా కూర్చో అని నాయనమ్మ చనిపోయేదాకా మందలిస్తూనే ఉండేది. వెనక వరసలో ఎవరో కాలేజీ కుర్రాడు, “శవం లేచి భోంచేస్తోందిరా” అన్నాడు. హాలంతా గొల్లుమంది. చీరాలలో అమ్మ ఈ నవ్వుల మధ్యనే కూర్చుని ఉంటుందని అప్పుడు తెలిసింది. రెండు ముద్దలు నోట్లో పెట్టుకునేలోగా తెరమీద వేరే మనుషులొచ్చారు. ఆ తర్వాత కథేమైందో నాకు తెలియదు.

బస్సెక్కాక మార్తమ్మగారు, “గట్లనే ఉన్నడా?” అన్నారు. తలూపాను.

సోమవారం యూనివర్సిటీ క్యాంటీను ఆయన్ని అడిగాను. షూటింగు జరిగింది నేను ఇక్కడికి రాకముందు. అప్పుడు అన్నాలు వండిపెట్టింది ఆయనేనట. జనాన్ని గోల్నాక నుంచి లారీలో తెచ్చేవారనీ, అలా కూర్చునే మనిషి బాలయ్య అయ్యుంటాడనీ, కట్టెల అడితిలో పనిచేస్తాడనీ చెప్పారు. పేరు చెప్పగానే అంతా తేలిపోవాలి కదా. నాకు తేలలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడు, మతి చెదిరినవాడు, ఎవరో పెట్టిన పేరుతో ఎక్కడో బతుకుతూ ఉండవచ్చు కదా అనుకున్నాను. అమ్మ ఇన్నేళ్ళూ అనే మాటలే. ఆ మాటలకి నేను ఎన్నిసార్లు చిరాకుపడ్డానో నీకు తెలుసు. ఆ వారమంతా అవే నా నోట్లో తిరిగాయి. ఆఫీసులో ఒక పేజీ కొట్టి చూసుకుంటే సగం తప్పులు.

ఆదివారం తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, బత్తాయిపళ్ళు కొనుక్కుని బయలుదేరాను. పళ్ళెందుకని మార్తమ్మగారు అడగలేదు. నేనూ చెప్పలేదు. చుట్టపుచూపుకి వెళుతున్నట్టు వెళ్ళాం. గోల్నాకలో బస్సు దిగి, మూసీ వైపు సందుల్లో అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాం. ఒకటే గది, ముందు చిన్న రేకుల వసారా. వసారాలో ఒక మనిషి కూర్చుని మంచానికి నులక బిగిస్తున్నాడు.

నాన్న కాదు అక్కయ్యా. వాకిట్లో అడుగు పెట్టకముందే తెలిసిపోయింది. నాన్నకంటే చిన్నవాడు, నలుపు. మొహంనిండా స్ఫోటకం మచ్చలు. తెరమీద అవి కనిపించలేదు. పోలిక అనేది ఎక్కడా లేదు. నేను అక్కడే నిలబడిపోయాను. వెనక్కి తిరిగి పోవలసింది, పోలేదు.

మమ్మల్ని చూసి అతను భయపడ్డాడు. లేవబోయాడు, ఎడమకాలు సరిగ్గా వంగక మళ్ళీ చెయ్యి నేలకి ఆనించాడు. అడితిలో మొద్దు మీద పడి ఆ కాలు పాడైందట. అలా కూర్చోవడం అందుకే.

“సిన్మా కంపెనీలకెల్లి వచ్చిండ్రా?” అన్నాడు. “నేను అప్పుడే చెప్పిన గద, తప్పయిందని.”

కాదని మార్తమ్మగారు సర్దిచెప్పి, మంచం పట్టెమీద కూర్చుని, ఏ తప్పు అని అడిగారు. అతను నులక బిగిస్తూనే చెప్పాడు. నాకు గుర్తున్నంతవరకూ అతని మాటల్లోనే రాస్తాను.

“పొద్దుగాల పీనుగు లెక్క పండుకోమన్నరు. పండుకున్న. ఊపిరి తీస్తే కనవడొద్దన్నరు, గట్లనే బిగవట్టిన. అయినంక పీనుగులైనోళ్ళు ఇంటికి పోవచ్చన్నరు. గాడ అన్నం ఉడుకుతున్న వాసన వచ్చిందమ్మా. గప్పుడు బియ్యమే దొరకకపోతుండె. ఇంట్ల జొన్నగట్క తప్ప ఏం లేదు. అన్నం సీను అంటే నిజం అన్నమే పెడ్తరని తెలిసింది. పోబుద్ధి కాలె. అంగి తిరగేసి తొడుక్కొని బంతిల కూసున్న. గంతమందిల నన్నెవలు చూస్తరు అనుకున్న.”

గదిలోంచి అతని భార్య వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తెరమీద బొమ్మ చూసుకున్నాకే కంపెనీవాళ్ళకి సంగతి తెలిసిందట. అప్పటికి పందిళ్ళు పీకేశారు. జనాన్ని కుదిర్చే మేస్త్రీ వచ్చి నానా మాటలూ అని, ఇక ఏ సినిమాకీ పిలవనన్నాడట. కాలు పాడయ్యాక అడితిలో సగం రోజులే పని, ఆ సినిమా పనులమీదే కాస్త గడిచేదట. ఇప్పుడదీ లేదు. ఆవిడ పైకి ఏడవలేదు, గొంతు మాత్రం తగ్గించి అంది:

“గాయన తిన్నది గూడ లేదమ్మా. ఫొటువ తీస్తున్నంతసేపు రెండు బుక్కలు తిన్నడు. మిగిలింది ఆకుల మూటగట్టి పిల్లలకు తెచ్చిండు.”

అప్పుడు నేనెందుకు వచ్చానో చెప్పాను. చెప్పవలసిన పని లేదు, అయినా చెప్పాను. మా నాన్న ఉప్పు కొఠారులో మేస్త్రీ అనీ, ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసినవాడు పాకలో ఆడకూలీలు ఉండిపోయారని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాడనీ, అమ్మ తువ్వాలు అందిస్తే తలకి చుట్టుకుని వెళ్ళాడనీ, ఆ ఆడవాళ్ళలో కొందరి శవాలైనా దొరికాయి గాని ఆయన దొరకలేదనీ. ఇక్కడికి వచ్చాక ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. మార్తమ్మగారితో కూడా తుపానులో పోయారు అని ఊరుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి వసారాలో కూర్చుని అంతా చెప్పేశాను. బాలయ్య నులక కిందపెట్టి విన్నాడు.

“మీ అమ్మ నన్ను చూసి ఆయననుకున్నదా?” అన్నాడు.

అవునన్నాను. తను నవ్వులపాలైన బొమ్మని చూసి ఒక మనిషి ఇలా అనుకుంటుందని అతనికి తోచలేదనుకుంటాను. నేను లేచి నిలబడ్డాక అన్నాడు:

“ఊకె కాదు అంటే నమ్మది బిడ్డా. నా పేరు చెప్పు. గోల్నాకల ఉంటడు, బాలయ్య అంటరు, కాలు మంచిగ లేదు అని చెప్పు. పేరు చెప్తే నమ్ముతది.”

పళ్ళు ఆ వసారాలో పెట్టి వచ్చేశాను. సందు మలుపు తిరిగేదాకా బాగానే నడిచాను. అక్కడ ఎవరిదో అరుగు ఉంటే కూర్చుండిపోయాను. నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదని నువ్వు ఎప్పుడూ అంటావు. అమ్మ ఆయన పోలేదంటుంటే, పోయినట్టు ఎలా ఏడుస్తాం? ఆ వేళ ఏడ్చాను. మార్తమ్మగారు పక్కన కూర్చుని కొంగుతో గాలి విసురుతూ, “ఏడ్వనీ, ఎవలన్న చూస్తే చూడనీ” అన్నారు. ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది.

నువ్వు ఇది అమ్మకి ఎలా చెబుతావో నాకు తెలియదు. సినిమాలో తప్పులన్నీ పైన రాశాను గాని, అవి అమ్మకి చదవద్దు. ఇప్పుడు చూసుకుంటే అవి ఎందుకు రాశానో నాకే అర్థం కావడం లేదు. గాలి ఏ దిక్కునుంచి కొట్టిందో, నీళ్ళు ఏ రంగో అమ్మకి ఎవరు చెప్పాలి? అవన్నీ తప్పులని తెలిసే ఆ మనిషిని నమ్మింది. బాలయ్య చెప్పమన్నట్టే చెప్పు. పేరూ, ఊరూ, కాలు సంగతీ. పెళ్ళాం పిల్లలు ఉన్నారని చెప్పు. నేను కళ్ళారా చూశానని, పక్కన కూర్చుని మాట్లాడానని చెప్పు. అమ్మ కోప్పడితే నామీదే కోప్పడనీ. కర్మ మాట మాత్రం నువ్వు ఎత్తవద్దు. తనంతట తాను ఎత్తితే నాకు తంతి ఇవ్వు, సెలవు పెట్టి వస్తాను. ఎత్తకపోతే ఊరుకుందాం. నాన్నకి కర్మ చెయ్యాలా వద్దా అని ఇక నేను వాదించను.

గురువారం.

నిన్న ఇంతవరకూ రాసి, పొద్దున్న టపాలో వేద్దామని పెట్టాను. ఇందాక నీ కార్డు వచ్చింది. అమ్మ నాలుగు రోజులుగా సినిమా ఊసెత్తడం లేదనీ, పిలిస్తే పలుకుతోందనీ రాశావు. నువ్వు కార్డు రాసే ముందురోజు చంటికి అన్నం కలుపుతూ ఉన్నట్టుండి, “రాజ్యాన్ని ఒక్కటే కనుక్కోమను. ఆయనైనా, కాకపోయినా సరే, ఆ మనిషి కడుపునిండా తిన్నాడో లేదో. రెండు ముద్దలకే మాయం చేశారు” అందని రాశావు.

జవాబు పైన రాసే ఉంది, నువ్వు చదివావు. అమ్మకి అక్షరాలు రావు కాబట్టి నువ్వు చదివిందే ఆమెకి ఉత్తరం. అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. బాలయ్య భార్య మాట దగ్గర ఆగకు. ఆ మాట దాటేసి, అతను తిన్నాడని చదువు. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాడని చదువు. తడబడకుండా చదువు, అమ్మ నీ మొహం చూస్తూ ఉంటుంది.

అమ్మ పాదాలకి నా దండాలు. బావగారికి నమస్కారాలు, చంటికి ముద్దులు. మీ అందరి దీవెన నామీద ఉంటే చాలు, ఇక్కడ నాకేమీ లోటు లేదు.

నీ చెల్లెలు,
రాజ్యం